బెలూన్‌లో తెలుగుకు చోటు

శుక్రవారం రాత్రి పదిన్నర దాటింది. బాచుపల్లి చౌరస్తాలో కర్రీ పాయింట్లు షట్టర్లు దించుతున్నాయి. కాలేజీ బస్సులు ఎప్పుడో వెళ్లిపోయాయి. మందుల ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులు మాత్రం మియాపూర్ వైపు నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. మీరు మెయిన్ రోడ్డు వదిలి సందులోకి తిరుగుతారు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లిఫ్టెక్కి, ఆఖరి మెట్లు నడిచి డాబా మీదికి వస్తారు. నీళ్ల ట్యాంకు పక్కన ఒక ట్యూబ్‌లైటు, దాని కింద పాత దుప్పటి, దుప్పటి మీద ముగ్గురు అమ్మాయిలు. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతూ కింద ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. జిగురు ఘాటు ఇల్లంతా పట్టేస్తోందని పని మొత్తం పైకి మార్చారు.

చేస్తున్నది గద. ఘటోత్కచుడి గద. రేపు హైటెక్స్ హాళ్లలో కామిక్ కాన్, బొమ్మల కథల పండగ. వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి ‘మాయాబజార్’ ఘటోత్కచుడి వేషం కడుతోంది. ఫోన్‌లో ఎస్వీ రంగారావు ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, నగిషీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూస్తోంది. సినిమా 1957లో వచ్చింది. రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఆమెకు ఐదేళ్లు. హాల్లో అమ్మమ్మ ఒళ్లో కూర్చుని చూసిందట. ఆ నవ్వుకు భయపడి ముఖం దాచుకుందని అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది.

గద తల గుండ్రంగా రావాలి, చేతిలో ఉన్న ఫోమ్ షీటేమో బల్లపరుపుగా ఉంది. ముందు పాత పేపరు మీద ఒక తొన గీసుకుంది. రెండు కొనలూ సన్నగా, నడుము వెడల్పుగా. దాన్ని ఫోమ్ మీద పెట్టి అలాంటివే ఎనిమిది కోసింది. కట్టర్‌ను నిటారుగా పట్టుకుంటే అంచులు కలిసే చోట గాడి పడుతుంది కాబట్టి కాస్త ఏటవాలుగా పట్టుకుని కోయాలి. ఇప్పుడు హీట్ గన్ ఆన్ చేసింది. వేడి గాలి తగిలిన చోట ఫోమ్ మెత్తబడి, పైన సన్నటి మెరుపు వస్తుంది. మెరుపు వచ్చిందంటే పైపొర రంధ్రాలు మూసుకున్నట్టు, ఇక రంగును పీల్చేయదు. ఆ క్షణంలోనే తీసి, బోర్లించిన చెంబు మీద పెట్టి అరచేత్తో నొక్కాలి. కాస్త ఆలస్యమైతే పాత ఆకారానికే వచ్చేస్తుంది.

తర్వాత జిగురు. రెండు అంచులకూ పల్చగా రాసి, వేలు పెడితే అంటుకోనంతగా ఆరనివ్వాలి. పచ్చిగా ఉన్నప్పుడు కలిపితే పట్టదు. ఆరాక కలిపితే మళ్లీ విడదీయడం ఉండదు.

“జర గట్టిగ పట్టుకోవే. ఒక్కసారి అతికినంక కదలది” అంటోంది వరంగల్ అమ్మాయి.

“పట్టుకున్నానే బాబూ. నువ్వు ముందు ఆ చివర చూడు, గీత కలవట్లేదు” అంటోంది భీమవరం అమ్మాయి.

మూడో అమ్మాయి నల్లరంగు కలుపుతోంది. మొదట మొత్తం నల్లగా పూసి, అది ఆరాక బంగారు రంగును దాదాపు పొడి కుంచెతో పైపైన రాయాలి. ఎత్తుగా ఉన్న చోట్ల బంగారం నిలుస్తుంది, లోతుల్లో నలుపు మిగిలిపోతుంది. పన్నెండు దాటాక ట్యూబ్‌లైటు కింద ఆ ఫోమ్ బంతి నిజంగానే మోత బరువున్న లోహంలా కనబడుతుంది. ఎత్తి చూడండి, లోపల పీవీసీ పైపు తప్ప బరువే లేదు.

“మీసం పెట్టుకుంటవా?” అని మీ వెనక నుంచి ఎవరో అడుగుతారు. వాచ్‌మన్ భార్య, ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చింది.

“మీసం లేకుంటే ఘటోత్కచుడు ఎట్లయితడు అక్కా” అంటుంది అమ్మాయి, తల ఎత్తకుండానే.

పొద్దున తొమ్మిదిన్నరకు ఆటో. గద ఆటోలో పట్టదు. ఒక కొన భీమవరం అమ్మాయి ఒళ్లో, రెండో కొన బయటికి. మీరు డ్రైవర్ పక్కన సర్దుకుని కూర్చుంటారు. మియాపూర్ వచ్చి, ఆల్విన్ చౌరస్తా దాటి, హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే డ్రైవర్ అద్దంలో చూస్తూ అడుగుతాడు, “హనుమంతుడా అమ్మా?” ఘటోత్కచుడని చెప్పగానే అతని ముఖం విచ్చుకుంటుంది. “ఎస్వీఆర్!” అని ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి తొడ చరుస్తాడు. కొండాపూర్, కొత్తగూడ దాటి హైటెక్స్ కమాను కనబడేదాకా ఆ సినిమా గురించే మాట్లాడతాడు. కమాను దగ్గర అప్పటికే వందల మంది రోడ్డు దాటుతున్నారు. వాళ్లలో జపాన్ బొమ్మల కథల వేషాలే ఎక్కువ: నారింజ రంగు నరుటోలు, గడ్డి టోపీ లఫీలు, కళ్లకు గంతలు కట్టుకున్న గోజోలు, ఆకుపచ్చ గళ్ల అంగీ తంజిరోలు. ఇద్దరు స్పైడర్‌మ్యాన్‌లు ఒక స్కూటీ మీద దిగుతున్నారు.

గేటు దగ్గర ఆయుధాల తనిఖీ వేరుగా ఉంటుంది. లోహం, పదును ఉన్నవి లోపలికి పోనివ్వరు. సెక్యూరిటీ అబ్బాయి గదను తట్టి, ఊపి, వంచి చూసి, ఒక్క చేత్తో పైకెత్తి, పక్కవాడికి “అరే, జూడు” అని చూపిస్తాడు. తర్వాత ఫొటో దిగుతాడు.

కామిక్ కాన్ అనే ఈ పండగ 1970లో అమెరికాలోని శాన్‌డియాగోలో మొదలైంది. ఢిల్లీకి 2011లో, హైదరాబాదుకు 2013లో వచ్చింది. 2023లో మన ‘ప్రాజెక్ట్ కె’ పేరు ‘కల్కి 2898 ఏడీ’ అని ప్రపంచానికి చెప్పింది కూడా ఆ శాన్‌డియాగో వేదిక మీదే. హాల్లోకి అడుగుపెట్టగానే ముందు చెవులు నిండుతాయి. గేమింగ్ స్టాళ్ల నుంచి తుపాకుల మోత, స్టేజీ మీద ఇంగ్లిష్‌లో యాంకర్, అన్నిటికీ పైన జనం. ఆ జనం మాట్లాడేది మాత్రం తెలుగు, మధ్యమధ్యలో దక్కనీ. “ఒరేయ్ అటు చూడరా”, “భయ్యా ఏక్ ఫొటో”, “అక్కా, మీరేనా కుట్టుకున్నది?” ఇంత తెలుగు మీకు మాధాపూర్‌లో ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనూ ఒకేసారి వినబడదు.

ఘటోత్కచుడు నాలుగు అడుగులు వేయలేకపోతోంది. నరుటోలు దారినపోతే జనం చెయ్యి ఊపి వదిలేస్తున్నారు. ఈమెను చూసి ఆగిపోతున్నారు. నలభై దాటిన ఒకాయన కొడుకును భుజం మీంచి దించి “వీడెవడో తెలుసా?” అని మొదలుపెట్టి, కౌరవుల దాకా వెళ్లి, కథ సగంలో గుర్తు రాక ఆమెనే అడుగుతాడు. ఆమె నిలబడి మిగతాది చెబుతుంది. మీసం ఒక పక్క ఊడుతోంది. భీమవరం అమ్మాయి జేబులోంచి జిగురు తీస్తుంది.

మీరు స్టాళ్ల మీద పడతారు. కీచైన్లు, టీషర్టులు, బొమ్మలు, పోస్టర్లు. పుస్తకాల వైపు వస్తే మార్వెల్, డీసీ, జపాన్ మాంగా ఇంగ్లిష్‌లో, ఢిల్లీ, ముంబై, బెంగళూరు వాళ్ల కామిక్స్ ఇంగ్లిష్‌లో, కొన్ని హిందీలో. ఒక్కో బల్లా దాటుతూ తెలుగు అక్షరం కోసం వెతకండి. హాలంతా తెలుగు మోగుతుంటే బొమ్మల నోళ్ల దగ్గర ఆ తెలుగు ఎక్కడ? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. గీసే చేతులు మనకెప్పుడూ తక్కువ కాలేదు.

ఆర్టిస్టుల వరసలో చివరి నుంచి రెండో బల్ల దగ్గర ఆగండి. ముప్పై అయిదేళ్లాయన. ఊరు నిజామాబాదు వైపు, ఉండేది ప్రగతినగర్‌లో అంబీర్ చెరువుకు దగ్గర్లో. పగలు మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి బొమ్మలు. బల్ల మీద ఇరవై నాలుగు పేజీల సన్నటి పుస్తకం. అట్ట మీద ఒక పెద్ద గుండు, దాని పక్కన టార్చి పట్టుకున్న నైట్ వాచ్‌మన్. అపార్ట్‌మెంట్ కోసం పేల్చబోతున్న బండ, ముందు రాత్రి వాచ్‌మన్‌తో మాట్లాడటం మొదలుపెడుతుంది. మన దక్కన్ బండలకు 250 కోట్ల ఏళ్ల వయసు. అంత ముసలిది మాట్లాడితే ఎలా మాట్లాడుతుందన్నదే కథ. బండ నిజామాబాదు యాసలో మాట్లాడుతుంది. పుస్తకమంతా తెలుగే.

“కూసోండి” అని మడత కుర్చీ చూపిస్తాడు. అప్పుడే కొత్త పేజీ పెన్సిల్‌తో మొదలుపెట్టాడు. మీరు ఊహించినట్టు ముందు మనుషుల్ని గీయడు. ముందు బెలూన్లు గీస్తాడు. పేజీని నాలుగు ప్యానెళ్లు చేసి, ప్రతి దాంట్లో ఖాళీ కోడిగుడ్డు ఆకారాలు పెట్టి, వాటిలో మాటలు రాసి, మిగిలిన చోట్లో బొమ్మ ఎక్కడ నిలబడాలో అప్పుడు తేలుస్తాడు.

ఎందుకని అడగండి. ఆయన ఒక చిత్తు కాగితం తీసి ఇంగ్లిష్ పెద్ద అక్షరాలతో ఒక వరస, కింద ఇంకో వరస రాస్తాడు. రెండు వరసల మధ్య ఒక వెంట్రుక దూరం చాలు. అక్షరాలన్నీ ఒకే ఎత్తు. దాని పక్కనే ‘రాష్ట్రం’ అని రాస్తాడు. పైన దీర్ఘం, తలకట్టు. కింద షకు టవత్తు, దాని పక్కన రవత్తు. కింది వరసలో ‘కీర్తి’ అని రాస్తే పై వరస ఒత్తు వచ్చి కింది వరస గుడిని గుద్దుకుంటుంది. వరసల మధ్య దూరం పెంచాలి. దూరం పెంచితే బెలూన్ నిలువునా సాగుతుంది. సాగిన బెలూన్ వచ్చి పాత్ర నుదురు మీద కూర్చుంటుంది.

“ఇంగ్లిష్‌ల గీసి, తర్వాత తెలుగు పోస్తమంటే పట్టది. అక్షరం చిన్నగ చేస్తరు. చిన్నగ చేస్తే ఒత్తులు కలిసిపోతయి. సదివెటోనికి కండ్లు గుంజుతయి. పుస్తకం పక్కన పెడతడు” అంటాడు.

సాఫ్ట్‌వేర్ తంటాలు సరేసరి. బొమ్మలు గీసే కొన్ని ప్రోగ్రాముల్లో తెలుగు టైపు చేస్తే ఒత్తు కింద పడాల్సింది పక్కకు వచ్చి కూర్చుంటుంది. పత్రికల డీటీపీ వాళ్లకు అలవాటైన అను ఫాంట్లకు, ఫోన్లో మనం వాడే యూనికోడ్‌కు పొత్తు కుదరదు. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లలో గిడుగు, ధూర్జటి లాంటివి వచ్చాక కొంత వెసులుబాటు దొరికింది. అయినా ఈయన చేత్తోనే రాస్తాడు. వాచ్‌మన్ మాటలు గుండ్రంగా, బండ మాటలు గరుకుగా, అంచులు విరిగిన అక్షరాలతో. ఇంగ్లిష్ కామిక్స్‌లో కోపం వస్తే అక్షరాలను లావు చేస్తారు, మెల్లగా అంటే చిన్నవి చేస్తారు. తెలుగులో ఆయన దీర్ఘాలను సాగదీస్తాడు. బండ ఆవులించిన ప్యానెల్‌లో ‘ఆ’ తోక ప్యానెల్ గీత దాటి పక్క బొమ్మలోకి పోయింది. పేలుడు పేజీలో శబ్దాన్నే చీలిన రాయిగా గీశాడు. ‘ఢ’ పొట్టలోంచి పగులు మొదలై, కింద వాచ్‌మన్ కాళ్ల దాకా వస్తుంది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావంటే బాపు పేరు చెబుతాడు. నేనూ అదే చెబుతాను. బాపు కార్టూన్ కింద మాటలు బాపు చేతిరాతలోనే ఉండేవి. ఆ రాత తీసేసి అచ్చు అక్షరం పెడితే కార్టూన్ సగం చచ్చిపోతుంది. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’కు ఆయన వేసిన బొమ్మల్లో సీగానపెసూనాంబ జడలు, అక్షరాల వంపులు ఒకే చేతి నుంచి, ఒకే వేగంతో వచ్చినవి. ఆ రాత శుభలేఖల మీదికి, సినిమా టైటిళ్ల మీదికి, చివరకు కంప్యూటర్ ఫాంటుగా ప్రతి డీటీపీ సెంటర్‌లోకీ పాకింది. ఒక బొమ్మల మనిషి చేతిరాతను ఇంత పెద్ద జాతి తన ఇంటి రాతగా చేసుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

తెలుగు కార్టూన్‌కు మొదటివాడిగా తలిశెట్టి రామారావును చెబుతారు. ఆయన పుట్టిన మే 20ని మన కార్టూనిస్టులు తమ రోజుగా జరుపుకుంటారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి బుజ్జాయి ‘డుంబు’ను తెలుగు పిల్లలకు గీశారు. పంచతంత్రాన్ని ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ’లో దేశమంతటికీ ఇంగ్లిష్‌లో గీసిందీ ఆయనే. హైదరాబాదు పత్రికలు శ్రీధర్‌ను, మోహన్‌ను, శేఖర్‌ను చూశాయి. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన శంకర్ 2014లో మండేలా బొమ్మతో పోర్చుగల్ వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రీ తెచ్చాడు. ఆ బొమ్మలో మాట లేదు.

మాట లేకపోవడమన్నది ఇక్కడ ఆగి చూడాల్సిన సంగతి. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ను తీసుకోండి. ఆ పత్రికలో ఇంకో శంకర్, చిత్రా వేసిన బొమ్మలు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు చూసి మూడు తరాలు పెరిగాయి. ఆ బొమ్మల్లో బెలూన్లు లేవు. కథ పక్కన, బొమ్మ పక్కన. అందుకే అదే బొమ్మ పన్నెండు భాషలకు పైగా తిరగగలిగింది. గొప్ప ఏర్పాటే. కాకపోతే బొమ్మలోని మనిషి నోటి దగ్గరే తెలుగు రాసి అమ్మే పరిశ్రమ మనకు ఏర్పడలేదు. పత్రికల్లో ఒక పేజీ, రెండు పేజీల సీరియల్ బొమ్మల కథలు వచ్చాయి, ఆగిపోయాయి.

మధ్యాహ్నం రెండు. బయట ఆహారం స్టాళ్ల దగ్గర నీడ దొరకదు. గోడ వారగా చాప వేసుకున్న గుంపులో మీకూ చోటిస్తారు. భీమవరం అమ్మాయి వాళ్ల పెదనాన్న కొడుకు వచ్చాడు. మాధాపూర్‌లో ఒక స్టూడియోలో యానిమేటర్. ఆమె “అన్నయ్యా, వీళ్లకి ఆ కనురెప్ప చూపించు” అంటుంది.

అతను ల్యాప్‌టాప్ తెరుస్తాడు. సొంతంగా చేసుకున్న షాట్, ఒక చిన్నపిల్ల కన్నార్పడం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. రెప్ప వాలడానికి రెండు ఫ్రేములు, మూసి ఉండేది ఒకటి, లేవడానికి నాలుగు. వాలినంత వేగంగా లేస్తే బొమ్మలా ఉంటుంది. లేవడం కాస్త నెమ్మదిస్తే ప్రాణం వస్తుంది. తల తిప్పే ముందు రెప్ప వాలాలి, తిరిగాక లేవాలి. లేకపోతే కళ్లు గోడకు కొట్టిన మేకుల్లా ఉంటాయి. అతను ఒక ఫ్రేము తీసేసి మళ్లీ ఆడిస్తాడు. ఎక్కడ మారిందో మీరు చెప్పలేరు, కానీ పిల్ల హఠాత్తుగా భయపడినట్టు కనబడుతుంది.

ఈ చేతులు చాలా దూరం వెళ్లాయి. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులికి పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చే నాటికి సంస్థ దివాలా పిటిషన్ వేసి ఉంది. ఇతనికి పని నేర్పిన సీనియర్లు ఆ రోజుల గురించి ఇప్పటికీ చెబుతారట, గర్వమూ గుబులూ కలిసి. ‘ఈగ’ సినిమాలో ఈగను మకుట స్టూడియో ఇక్కడే ఎగిరించింది. రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ స్టూడియో నుంచి 2008లో వచ్చిన ఛోటా భీమ్ ఉత్తరాది పిల్లలకు కూడా ఇంటి పిల్లాడే. వాడు హైదరాబాదులో పుట్టాడంటే చాలామంది నమ్మరు. 2024లో ‘కల్కి’కి ముందు కథగా వచ్చిన ‘బుజ్జి అండ్ భైరవ’ కూడా ఆ స్టూడియోదే. అన్నిటికంటే దూరం వెళ్లింది బుల్లి భీముడు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మైటీ లిటిల్ భీమ్’. వాడు మాట్లాడడు, ఊ అంటాడు, నవ్వుతాడు. మళ్లీ మాట లేని బొమ్మే.

“మాట ఉంటే ఏమవుతుందో చెప్తానుండండి” అని యానిమేటర్ ఇంకో ఫైలు తెరుస్తాడు. స్క్రీన్ మీద ఒక నోరు మాత్రమే. పెదాల ఆకారాలు పది పన్నెండు: మూసినది, తెరిచినది, గుండ్రంగా చుట్టినది, పళ్లు కనబడేది. లిప్ సింక్ అంటే శబ్దం ప్రకారం వీటిని పేర్చడమే. ఎక్కువ సీరియళ్లకు మొదట రాసేది హిందీలోనో ఇంగ్లిష్‌లోనో. నోరు ఆ మాటలకే కదులుతుంది. తర్వాత తెలుగు డబ్బింగ్.

“హిందీ మాట చాలాసార్లు హల్లుతో ఆగుతుందండి. నోరు అక్కడ తెరుచుకుని నిలవదు. మనది ఎక్కువగా అచ్చుతో ఆగుతుంది. ఇదిగో” అని ‘వచ్చాడు’ అంటాడు. నోరు గుండ్రంగా ముందుకు వచ్చి అక్కడే నిలుస్తుంది. హిందీ మాట అచ్చుతో ఆగినా అది అదే అచ్చు కాకపోవచ్చు: ‘ఆయా’ కోసం పేర్చిన పెదాల మీద ‘వచ్చాడు’ పెట్టి ఆడిస్తాడు. బొమ్మ నోరు బార్లా తెరిచి ఉంది, మాట మాత్రం పెదాలు చుట్టి పోయింది. మీకు నవ్వు రాదు, ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత తను తెలుగుకే పేర్చుకున్న వరస ఆడిస్తాడు. ‘డు’ దగ్గర పెదాలు రెండు ఫ్రేములు ఎక్కువ ఆగాయి. అంతే. అది మన వీధి పిల్ల అయిపోయింది.

పొద్దున ఆర్టిస్టు బెలూన్ దగ్గర చెప్పిందీ, ఈ యానిమేటర్ పెదాల దగ్గర చూపించిందీ ఒకటే. తెలుగు ఆఖర్న అతికించేది కాదు. పెన్సిల్ పెట్టకముందే పేజీ మీద ఉండాలి. చూసేవాళ్లు లేరనే మాట నేను ఒప్పుకోను. 2006 సంవత్సరానికి ‘కిట్టు’ ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చిన భాష ఇది. 2025 జులైలో ‘మహావతార్ నరసింహ’కు మన హాళ్లలో పిల్లా పెద్దా వరస కట్టారు. సెప్టెంబరులో జపాన్ తంజిరో ‘డీమన్ స్లేయర్’లో తెలుగు మాట్లాడుతూ వచ్చాడు. ఇవాళ ఈ హాల్లో తిరుగుతున్న తంజిరోల్లో సగం మంది వాడి మాటలు తెలుగులోనే విన్నారు. జపాన్ వాడికి మన నోరు ఇవ్వడానికి మనుషులున్నప్పుడు, మన దక్కన్ బండకు ఇవ్వడానికి ఉండరా?

నాలుగున్నరకు స్టేజీ. కాస్‌ప్లే, అంటే వేషాల పోటీ, విభాగాల వారీగా సాగుతుంది: కామిక్స్, యానిమేషన్, మాంగా, సినిమాలు, గేములు. ఒక్కొక్కరికీ అర నిమిషం. వెలుగు రెక్కలవాళ్లు, నిలువెత్తు రోబోలు, నెలల తరబడి చేసిన కవచాలు వస్తాయి. ఘటోత్కచుడు వచ్చేసరికి యాంకర్ పేరు పలకలేక తడబడతాడు. వెనక వరసలోంచి ఎవరో సరిగ్గా పలికి అరుస్తారు. వరంగల్ అమ్మాయి మధ్యకు నడిచి, కాళ్లు ఎడంగా పెట్టి, నవ్వుతుంది. మైకు లేదు. ఆ నవ్వు మూడో వరస దాటి వస్తుంది. తర్వాత హాలు హాలంతా తిరిగి నవ్వుతుంది. బహుమతి ఆరడుగుల కవచం కట్టిన అబ్బాయికి వెళ్లింది. వెళ్లాల్సిందే, కీళ్ల దగ్గర అతని పనితనం అంత బాగుంది. కిందికి దిగాక ఈమె వెళ్లి ఆ కీళ్లు ఎలా కట్టాడో అడుగుతుంది. ఇద్దరూ నేల మీద కూర్చుని ఎలాస్టిక్ పట్టీల గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లను అక్కడే వదిలి, మీరు మళ్లీ ఆర్టిస్టుల వరసకు రండి.

ఆరు దాటింది. బండ పుస్తకం బల్ల ముందు ఒక తల్లీ కొడుకూ. నిజాంపేట వాళ్లు. పిల్లాడికి తొమ్మిది పదేళ్లు, నెత్తిన లఫీ టోపీ.

“ఇంగ్లిష్‌లో లేదాండీ?” అని అడుగుతుంది తల్లి. “తెలుగు వీడికి సబ్జెక్టుగా ఉంది కానీ, పెద్దగా చదవడు.”

ఉంటుంది మరి. బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేస్తూ తెలంగాణ 2018లో చట్టం తెచ్చింది. పరీక్షకు చదువుతారు. ఇంటికొచ్చి చదువుకోవడానికి ఏముందన్నది ఏ చట్టమూ చెప్పదు.

ఆర్టిస్టు మాట్లాడకుండా మూడో పేజీ తెరిచి పిల్లాడి ముందు పెడతాడు. టార్చి వెలుగులో బండకు ఒక కన్ను తెరుచుకునే ప్యానెల్. పిల్లాడు వేలు పెట్టి మొదలుపెడతాడు. “ఎ… వ… డ్రా… ఎవడ్రా… న… న్ను… లే… పె… టోడు.” ఆగి, బొమ్మ చూసి, మళ్లీ మొత్తం కలిపి చదివి నవ్వుతాడు. తర్వాతి బెలూన్‌కు వేలు అక్కర్లేదు. నాలుగో పేజీలో ‘నిద్ర’ దగ్గర తడబడతాడు. ద, ర కలిసే చోట చూపు ఆగింది. వాచ్‌మన్ ఆవులింత చూసి మాట పట్టేసుకుంటాడు. తల్లి ఫోన్ చూడటం మానేసి పిల్లాడి వైపు వంగుతుంది.

“ఆ రవత్తు చాలా సన్నగ రాసిన” అని ఆర్టిస్టు తన కాపీలో పెన్సిల్‌తో సున్నా చుట్టుకుంటాడు. “ఇంకోసారి అచ్చేసేటప్పుడు విప్పుత.”

పిల్లాడు నిలబడే ఆఖరి పేజీకి చేరతాడు. పేలుడు అయిపోయింది, దుమ్ము, వాచ్‌మన్ టార్చి నేల మీద, చీకట్లో ఎక్కడో ఇంకో కన్ను.

“తర్వాత?”

“ఇంకా గీయలే బిడ్డా.”

“ఎప్పుడు గీస్తారు?”

“సంక్రాంతి సెలవుల లోపల.”

“మా అపార్ట్‌మెంట్ కింద కూడా బండ ఉంది. సెల్లార్‌లో, పార్కింగ్ పక్కన. దాన్ని పేల్చలేదు” అంటాడు పిల్లాడు.

ఆర్టిస్టు పెన్సిల్ కింద పెడతాడు. “ఎంతుంటది?”

పిల్లాడు చేతులు చాపుతాడు, చాలక రెండడుగులు పక్కకు జరిగి చూపిస్తాడు. తల్లి పుస్తకానికి డబ్బులు పంపుతూనే ఫోన్‌లో ఆ సెల్లార్ ఫొటో ఏదైనా ఉందేమోనని వెతుకుతోంది. ఆర్టిస్టు నోటుబుక్ తెరిచి రెండో భాగం ఎవరెవరికి కావాలో రాసుకునే పేజీ తీస్తాడు.

“నీకొకటేనా?”

పిల్లాడు బ్లాకులో దోస్తులను వేళ్ల మీద లెక్క పెడతాడు. ఒకడికి తెలుగు రాదంటాడు, వాడికి తను చదివి వినిపిస్తానంటాడు, వాణ్నీ కలుపుతాడు. ఆయన నిజాంపేట అని రాసి, పక్కన ఆరు వేసుకుని, మీ వైపు చూస్తాడు. మీ పేరు కూడా చెప్పండి.